ఆయన్ని బయటికి తెచ్చేదాకా

మొన్న మహబూబాబాద్ నుంచి వస్తుంటే తొర్రూరు చౌరస్తాలో బస్సు ఆగింది. కిటికీలోంచి తల తిప్పితే ఎదురుగా ఫ్లెక్సీలో అక్క. పైన 'అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు, కింద బంధువుల పేర్ల వరస, మధ్యలో ఆమె. ముఖం ఆమెదే, మెడ కింది నుంచి మాత్రం ఆమె కాదు. మా వైపు ఫ్లెక్సీలు కొట్టేవాళ్ల దగ్గర ఒక పట్టుచీర, ఒక కాసులపేరు తయారుగా ఉంటాయి. పోయిన ఆడవాళ్లందరి తలలూ వాటికే అతికిస్తారు. బతికినన్నాళ్లూ పట్టుచీరంటే ఒళ్లు దురద అని తిట్టుకున్న మనిషికి చచ్చాక అది తప్పలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

పక్క సీట్లో ఆవిడ నా ముఖం చూసి, "మీకేమైతదమ్మా?" అని అడిగింది. మొదటి కొలువు ఇచ్చిన మనిషి అన్నాను. అంతకంటే నిజమైన జవాబు ఇంకొకటి ఉంది. ఆమె నా చేతికి విల్లు ఇచ్చి, తన మొగుడి వెనక నిలబెట్టి, నన్ను గుహల్లో తిప్పిన మనిషి. అది బస్సులో చెప్తే ఆవిడ సీటు మారి ఉండేది.

అప్పటికి ఈ జిల్లాలు లేవు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, అంతా వరంగల్ జిల్లానే. అక్క పుట్టింది కొడకండ్ల, ఇచ్చింది పెద్దవంగరకు, కాపురం తొర్రూరులో, మొగుడి పని భూపాలపల్లి దగ్గర బొగ్గుబావిలో. ఆయన వారమంతా అక్కడే గదిలో ఉండి సెలవు రోజుకు వచ్చేవాడు. ఆయన లేని రోజుల్లో చేతులూరుకోక ఆమె బస్టాండు వెనక సందులో కంప్యూటర్ సెంటర్ పెట్టింది. ముందు గదిలో ఇంటర్నెట్, జిరాక్సు. వెనక గదిలో ఆడపిల్లలకు టైపింగు నేర్పే పని నాది. డిగ్రీ అయిపోయి, పెళ్లి కుదరక, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్న రోజులవి.

ఆమె కంప్యూటర్లన్నీ హైదరాబాద్‌లో వాడి వదిలేసినవే. అందులో ఒకదాంట్లో ముందటి సొంతదారు చెరపడం మరిచిపోయిన ఆట ఒకటి ఉంది. అప్పటికే పాతబడిన ఆట. బొమ్మలు బొటనవేలంత ఉండేవి. నలుగురు మనుషులు ఒక గుంపుగా ఊరూరా తిరుగుతారు. ఎదురొచ్చిన వాళ్లతో మాట్లాడతారు, గుహల్లోకి దిగి రాక్షసులతో కొట్లాడతారు. కొట్లాడిన కొద్దీ బలం పెరుగుతుంది. కథంతా ఇంగ్లీషులో పెట్టెల్లో వస్తుంది, అది నేను చదవాలి. నేను చదివిందాన్ని ఆమె మళ్లీ మన మాటలో చెప్పుకునేది. ఒక గడ్డం ముసలాయన ఉత్తరాన చీకటి లేస్తోందని, పురాతన ముద్ర పగులుతోందని అరగంట చెప్తే అంతా విని, "ఉత్తరం దిక్కు ఏదో లొల్లి అయితుందట, నడు" అనేది.

ఆట మొదట్లో ఆ నలుగురికీ పేర్లు పెట్టమంటుంది. మందు వేసి గాయాలు మాన్పేదానికి తన పేరు పెట్టుకుంది. విల్లు పట్టినదానికి నా పేరు. నా పేరు పొడుగు, ఆట అన్ని అక్షరాలు ఒప్పుకోక చివర తెగింది. మంటలు విసిరే మంత్రగత్తెకు వాళ్ల అత్తమ్మ పేరు. ఒకసారి ఆ అత్తమ్మ పెద్దవంగర నుంచి వచ్చి, తెర మీద మంటలు చూసి, "గా ముసల్ది ఎవలే, గట్ల అందర్ని తగలవెడ్తున్నది?" అని అడిగితే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. ముందుండి కత్తి తిప్పేవాడికి మొగుడి పేరు పెట్టింది.

మొగుడి పేరు ఆమె నోటితో అనదు. మా దిక్కు ఆ కాలపు ఆడవాళ్లు చాలామంది అనరు, అంటే ఆయుష్షు తగ్గుతుందని. బ్యాంకులో అడిగినా, రేషన్ షాపులో అడిగినా నా వైపు తిరిగి, "చెప్పు పిల్లా" అనేది. నోటితో అనకుండానే పేరు టైపు చేసుకోవచ్చని ఆ ఆటలో తెలిసింది ఆమెకు. ఒక్కొక్క అక్షరమూ వెతికి నొక్కి, తెర మీద ఆ పేరు చూసి, కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఆటంతా 'ఆయన'. "ఆయనకు నెత్తురు తక్వైంది, మందు తాపు. ఆయనకు కత్తి మొద్దువారింది, కొత్తది కొనాలె." షాపుకొచ్చినవాళ్లు ఎవరి సంగతో అనుకుని జాలి పడేవారు.

ఇలాంటి ఆటలు నేను తర్వాత కూడా చూశాను. మా సొంత అక్క కొడుకు ఫోనులో ఆడతాడు. అందరూ చేసే పని ఒకటే, ఊళ్లో కనబడ్డ ఇంట్లోకల్లా దూరడం, పెట్టెలన్నీ తెరిచి ఉన్నవన్నీ సంచిలో వేసుకోవడం. ఆట కూడా అలాగే చేయమంటుంది. అక్క చెయ్యనిచ్చేది కాదు.

"ఇంటోళ్లు ముంగట నిలవడి ఉండంగ పెట్టె తెరుస్తమా? సిగ్గుండాలె."

"అక్కా, వాళ్లు బొమ్మలు. ఏమనరు."

"అనకుంటె మాత్రం? సూస్తలేరా?"

అందుకే మా గుంపు ఎప్పుడూ లేని సంసారమే. మందు సీసాలుండవు, మంచి డాళ్లుండవు. పైగా ఊళ్లోకి వెళ్తే కనబడ్డ ప్రతి మనిషినీ పలకరించాలి. పలకరించకుండా పోతే ఏమనుకుంటారని ఆమె బాధ. గుహలోకి దిగే ముందు సత్రంలో అందరికీ తిండి పెట్టించాలి. ఎవరైనా తుమ్మితే మౌస్ వదిలేసి, లేచి చెంబెడు నీళ్లు తాగి, అప్పుడు కూర్చోవాలి. నాకు ఒళ్లు మండిపోయేది. మంటలు విసిరే అత్తమ్మ కూడా ఇంత సాధించి ఉండదు.

ఆ ఆటలో ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకోవడం కుదరదు. గుహ బయట ఊళ్లో సత్రముంటుంది, సత్రమాయనను అడిగితేనే సేవ్ అవుతుంది. లోపల చచ్చినా, కరెంటు పోయినా అంతే సంగతులు, మళ్లీ సత్రం నుంచి మొదలు. అందరూ అలాగే చస్తూ లేస్తూ ఆడతారు. అక్క ఒప్పుకోదు. ఆయన చావకూడదు. చచ్చి మళ్లీ మొదలుపెడితే ఏమవుతుందని ఒకసారి గట్టిగా అడిగాను.

"ఆయన సచ్చిన ఆట నా కంప్యూటర్ల ఒక్కటి గుడ లేదు. ఉండొద్దు," అంది.

అందుకని గుహలోకి దిగితే ఒక్కొక్క అడుగూ ఆచితూచి వేయాల్సిందే. ఆమె "మెల్లగ, మెల్లగ" అని తనకు తనే చెప్పుకునేది. కరెంటు కోత ఎప్పుడుంటుందో గడియారం వంక చూసేది. యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ ముసలిది. కరెంటు పోగానే ఆగి ఆగి కూత పెట్టేది, కాసేపటికి కూత ఆపకుండా పెట్టేది, ఆ తర్వాత ఆరిపోయేది. ఆ కూత మొదలైతే ఆమె ఎక్కడున్నా వెనక్కి తిరిగి పరుగు. సత్రం చేరి సేవ్ అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, ఆయన నిజంగానే ఇల్లు చేరినట్టు, "ఆఁ, ఇగ పండుకో" అనేది.

నేను చెప్పాలనుకున్నది ఒక శనివారం సంగతి.

ఆ మధ్యాహ్నం ఏవో పరీక్షల ఫలితాలు వచ్చాయి. ముందు గదిలో ఒక పంతులు సారు ఇంటర్నెట్‌లో తన బడి పిల్లల నంబర్లు కొట్టుకుంటున్నాడు. అప్పుడు నెట్ ఫోన్ తీగ మీదే వచ్చేది, నెట్ నడుస్తుంటే ఫోన్ మోగదు. వెనక గదిలో అక్క ఒక పాడుబడిన గనిలోకి దిగి ఉంది. ఆటలో అన్నిటికంటే లోతైన చోటు అది. మందు సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడు ఆమె మరిది రొప్పుకుంటూ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"వదినా, భూపాలపల్లి దిక్కు బావిల కప్పు కూలిందట. పరకాల బస్సు డ్రైవరు చెప్పిండు."

ఆమె చెయ్యి మౌస్ మీదే ఉంది. "ఏ బావి?"

"తెల్వది. లోపల మనుషులున్నరట. జీపు మాట్లాడిన, నడు."

నేను ముందు గదిలోకి పరిగెత్తి పంతులు సారును నెట్‌లోంచి లేపేశాను. ఆయన తప్పుకున్నాడు. ఫోన్ పక్కన గోడ మీద బావి ఆఫీసు నంబరు పెన్నుతో రాసి ఉంటుంది. తిప్పాను. ఎంగేజ్. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే. వైరు లాగి ఫోన్‌ను రెండు గదుల మధ్య గడప మీదికి తెచ్చుకుని, తిప్పుతూనే లోపలికి చూశాను. అక్క ఇంకా ఆడుతోంది.

మరిదికి కోపం ఆగలేదు. "అన్న బావిల ఉన్నడో బయట ఉన్నడో తెల్వది, నువ్వు ఆటాడుతున్నవా? పిచ్చి లేసిందా నీకు?"

"జీపుల కూసుంటె పొయ్యెటాళ్లకు పొద్దుగూకుతది. అందాక తెల్వకుంట ఉండాలె. ఫోన్ కలిస్తె గిప్పుడే తెలుస్తది," అంది తెర మీంచి కళ్లు తీయకుండా. "నా చేతులు ఖాళీ ఉంటె నేను ఆగమైత తమ్మీ. ఆయనను గీడ లోపల ఇడిసిపెట్టి లేవమంటవా?"

అతను తల కొట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఆమె చెంపలు చూసేదాకా అంతే. చెంపలు అదురుతున్నాయి, చెయ్యి మాత్రం అదరడం లేదు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, యూపీఎస్ కూత మొదలుపెట్టింది. గదిలో ఆ తెర వెలుగు ఒక్కటే మిగిలింది. అక్క వెనక్కి తిరిగింది, గనిలోంచి పైకి. నేను నంబరు తిప్పుతున్నాను. కూత, ఎంగేజ్ మోత, రెండూ ఒకటైపోయాయి చెవుల్లో.

ఉన్నట్టుండి అవతల ఎత్తారు. వెనకాల ఎవరో అరుస్తున్నారు. నేను అక్క మొగుడి పేరు చెప్పాను.

"గా పేరు మీద ఈ షిఫ్టుల ముగ్గురున్నరమ్మా. ఇంటిపేరేంది? తండ్రి పేరేంది? జల్ది చెప్పు, లైన్ కావాలె."

ఇంటిపేరు తెలుసు. తండ్రి పేరు నాకు తెలియదు. ఆ మామ పేరు అక్క నోట ఎన్నడూ రాలేదు, మామ పేరూ అనకూడదు కదా. మరిదిని పిలుద్దామని చూస్తే అతను జీపు వాడిని ఆపడానికి సందు చివరికి వెళ్లాడు. అవతలి మనిషి "హలో, హలో" అంటున్నాడు.

"అక్కా, మీ మామ పేరు అడుగుతున్నరు. పెట్టేస్తడు."

ఆమె తెర వంక చూసింది. నా వంక చూసింది. కుర్చీలోంచి లేచి, నా భుజం పట్టి కుర్చీలో కూలేసి, "పట్టు. ఆయనను బయటికి తీస్కరా" అని రిసీవర్ లాక్కుంది.

తర్వాత ఆ గదిలో ఎన్నడూ వినని మాట విన్నాను. ఇంటిపేరు, మొగుడి పేరు, మామ పేరు, ఊరు. గొంతు తగ్గించలేదు, తడబడలేదు. బళ్లో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క పేరూ విడివిడిగా, అవతలివాడికి తప్పు వినబడే వీలు లేకుండా చెప్పింది. చెప్పి, కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో మంగళసూత్రం పట్టుకుంది.

అవతలి మనిషి ల్యాంప్ రూంలో అడిగి వస్తానన్నాడట. బావిలోకి దిగే ప్రతివాడూ తన నంబరు దీపం తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక అప్పజెప్తాడు. దీపం వచ్చి ఉంటే మనిషి వచ్చినట్టు. అక్క నాకు అది ఎప్పుడో చెప్పింది. రిసీవర్ బల్ల మీద పెట్టి ఆ మనిషి వెళ్లాడు. ఆమె చెవికి ఆనించుకునే ఉంది.

నా చేతిలో మౌస్. అంతకుముందు ఎప్పుడూ నేను ఆడలేదు, చదివి చెప్పడమే. నలుగురం చీకటి దారిలో ఉన్నాం. ఎటు పోవాలో తెలియక గోడకు కొట్టుకుంటున్నాను.

"ఎడమకు," అంది వెనక నుంచి. కళ్లు తెరిచింది. "ఎడమకు పో. మెట్లొస్తయి."

మెట్ల దగ్గర మూడు తోడేళ్లు. నా బాణం తగల్లేదు. అత్తమ్మ మంటల్లో రెండు కాలిపోయాయి. మూడోది ఆయన మీద పడింది. ఆయన పేరు పక్కనున్న గీత ఎర్రబడింది.

"మందు, మందు తాపు."

"ఒక్కటే ఉందక్కా."

"ఆయనకే తాపు." మళ్లీ ఫోన్‌లోకి, "హలో? సారూ?" అవతల ఎవరూ లేరు.

యూపీఎస్ ఆపకుండా కూయడం మొదలుపెట్టింది. ఇక ఎంతోసేపు ఉండదని ఇద్దరికీ తెలుసు. తోడేలు పడింది. మెట్లెక్కాను. పైన ఇంకో దారి, చివర తెల్లటి వెలుతురు ముక్క. అదే గని నోరు. ఆట ఒట్టి ఆట అని నేను ఆమెతో ఎన్నిసార్లు అన్నానో. ఆ నిమిషాన ఆయన బయటికి రాకపోతే ఆయన బయటికి రాడని నేనూ నమ్మాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, అప్పుడు నమ్మాను.

వెలుతురులోకి వచ్చాం. పచ్చగడ్డి, చేదబావి, కోళ్లు, ఆ పక్కన సత్రం. తలుపు కనిపిస్తోంది. సత్రం వైపు తిప్పాను. తెర ఒక్కసారి మినుకుమని నల్లబడింది. కూత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఫోన్‌లో గొంతు నాకు కూడా వినిపించింది, మాటలు మాత్రం తెలియలేదు.

"ఆఁ," అంది అక్క. "ఆఁ. అప్పజెప్పిండా? మీరు కండ్లతోని సూశిండ్రా, అడిగిండ్రా?" కాసేపు విన్నది. "గా నంబరేనా? మంచిది సారూ. మంచిది. వేరేటోళ్లు గుడ మంచిగున్నరా?" అని అడిగి, జవాబు విని, రిసీవర్ పెట్టేసింది.

మరిది వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. "జీపు వాపస్ పంపు," అంది. "దీపం ఇచ్చిండట. ఎవలకేం కాలేదట."

ఆ మాటతో గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పంతులు సారు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. తాగి, ముక్కు చీదుకుని, నా వైపు చూసింది.

"యాడిదాక తెచ్చినవ్?"

"బయటికొచ్చినం అక్కా. సత్రం దాకా పోలే."

"గంతే సాలు."

ఆదివారం ఆయన వచ్చాడు. నేను చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని కోడికూర తింటున్నాడు. భయమేసిందా బావా అని అడిగాను. "రోజు ఉండెటిదే గద," అని ఎముక కొరుక్కున్నాడు. ఆమె ఇంకో గరిటె వేసి పక్కనే కూర్చుంది. ఫోన్‌లో ఆయన పేరు చెప్పిన సంగతి ఆయనకు నేను చెప్పలేదు, ఆమే చెప్పుకుంటుందనుకున్నాను. చెప్పిందో లేదో ఇప్పటికీ తెలియదు.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి ఆమె అప్పటికే షట్టర్ ఎత్తి, అగరొత్తి వెలిగించి, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఆట తెరిచి ఉంది. సేవ్ చేసింది గనిలో దిగకముందు కాబట్టి నలుగురం సత్రంలోనే ఉన్నాం. ఆయనకు నెత్తురు నిండుగా ఉంది. బయటికి నడిస్తే నాలుగడుగుల్లో గని నోరు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఇవాళ కరెంటు సాయంత్రం దాకా పోదు అక్కా, దిగుదామా అన్నాను.

ఆమె మౌస్ ముట్టుకోలేదు.

"గీయననైతె గనిలకు పంప," అంది. "పంపక తప్పనాయనను గిప్పుడే బస్సెక్కిచ్చి వచ్చిన. రెండో షిఫ్టు."